జమ్ము కప్పు కింద పదకొండు డిగ్రీలు

"పంతొమ్మిది!"

ఇంజనీరు బస్కోపె కళ్ళజోడు తీసి, మఫ్లరు అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. గోడకి వేలాడుతున్న థర్మామీటరు పంతొమ్మిదే చూపిస్తోంది. బయట వాకిట్లో బకెట్టు నీళ్ళు గడ్డకట్టుకుపోయి ఉన్నాయి. ఇంకా తెల్లవారలేదు. ఆగస్టంటే కొండమీది ఊరు ఎల్ ఆల్తోలో నడి చలికాలం, ఆ చలికి కుక్కలు కూడా నోరెత్తడం మానేశాయి.

"ఏం అమ్మాయ్, ఇది పడకగదా, రొట్టెల బట్టీనా? ఇన్నేళ్ళలో ఇలాంటిది చూళ్ళేదు నేను!"

ఎగిరి గంతెయ్యాల్సిన మాగలి గుండెల్లో రాయి పడింది. నుదుటి మీద చెయ్యి పెట్టి బిడ్డ జ్వరం చెప్పే తల్లిలా, తను వేసిన ఇంటికప్పు ఎంత వేడి నిలుపుతుందో ఆమె చెప్పగలదు. పదకొండు. పగలు ఎండ బాగా కాసి ఉంటే పన్నెండు. పంతొమ్మిది మాత్రం నిలపదు గాక నిలపదు.

మా ఎల్ ఆల్తోలో ఇల్లు కట్టడమంటే ఏముంది, ఇటుక మీద ఇటుక పేర్చి, పైన రేకులు పడేసి, ఇక దేవుడిదే భారం అనుకోవడమే కదా. పగలు ముక్కు మీద తోలు ఊడొచ్చేంత ఎండ. పొద్దువాలగానే ఆ వేడంతా రేకులోంచి ఆకాశానికి పోతుంది. ఇక మనుషులు ఉన్నిటోపీ పెట్టుకుని, ఉన్న దుప్పట్లన్నీ మీదేసుకుని, ముక్కు ఒక్కటి బయటపెట్టి పడుకుంటారు. తాతల కాలం నుంచీ అంతే. ఇదేం ఖర్మ అని ఎవరూ అనుకోలేదు. మాగలి అనుకుంది. సరస్సు ఒడ్డున పుట్టిన పిల్ల. అక్కడ జమ్ము గడ్డి మనిషెత్తు పెరుగుతుంది. పడవ కట్టినా, చాప అల్లినా, ఆవుకి మేత వేసినా జమ్మే. లోపలంతా గాలి బుడగలుండే ఆ జమ్మును నొక్కి పలకలు చేసి రేకుల కింద బిగిస్తే వేడి ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే పడి ఉంటుంది కదా అనుకుంది. నూడుల్స్ ఫ్యాక్టరీలో జీతం వదిలేసి వచ్చి, మినీబస్సు టైరు మార్చే జాకీతో జమ్ము కట్టలు నొక్కుతూ, నెలకి ఒక్క ఇల్లు లెక్కన పద్నాలుగు ఇళ్ళకి కప్పు వేసింది. అరచేతులు కాయలు కాశాయి. మంచి నొక్కుడు యంత్రం ఒకటుంటే రెండు రోజులకో ఇల్లు వేయగలదు.

దానికే బ్యాంకుల చుట్టూ తిరిగింది. మొదటి బ్యాంకువాడు ఇంటి పత్రం ఉందా అన్నాడు. రెండోవాడు మొగుడున్నాడా అన్నాడు. మూడోవాడు చాలా మర్యాదస్తుడు, గోడ క్యాలెండరు ఒకటి చేతిలో పెట్టి సాగనంపాడు. చివరికి, నేలకీ నీటికీ హాని చెయ్యని పనులు పెట్టుకునే కుర్రవాళ్ళకి అప్పిచ్చే నిధి ఒకటుందని తెలిసి అర్జీ పెట్టింది. వందలమందిలో వడపోసి ఆరుగుర్ని మిగిల్చారు. ఆ ఆరుగురిలో మాగలి ఉంది. ఇక రెండే గడపలు. ఒకటి, నిధి పంపిన ఇంజనీరు తెల్లవారుజామున వచ్చి కప్పును పరీక్షించాలి. రెండు, ఎవరైనా హామీ నిలబడాలి. ఆ మధ్యాహ్నమే కమిటీ కూర్చుంటుంది. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఏడాది. ఏడాదిదాకా జాకీతో నొక్కుతూ బతకడం తనవల్ల కాదని ఆమెకి తెలుసు, మళ్ళీ ఫ్యాక్టరీకే పోవాలి.

పరీక్ష నియమాలు తేలికే. ముందురోజు సాయంత్రం ఇంజనీరు వచ్చి థర్మామీటరు తగిలించి పోయాక గది తలుపు మూసే ఉండాలి. నిప్పు, పొయ్యి ఏదీ వెలిగించకూడదు. ఆ గదిలో పడుకునే మనిషి ఎప్పటిలాగే పడుకోవాలి. పరీక్షకి ఇచ్చింది మాగలి జ్ఞానతల్లి గది. ఆవిడ పేరు దోన్యా సెవెరినా, మాగలి మాత్రం మద్రీనా అని పిలుస్తుంది. మాగలికి బాప్తిస్మం నాడు కొవ్వొత్తి పట్టింది ఆవిడే, ఊరి నుంచి వచ్చినప్పుడు వాకిట్లో ఓ గది ఇచ్చి నిలబెట్టిందీ ఆవిడే. సంతలో దుప్పట్లు అమ్ముతుంది. ఆవిడ గొంతెత్తితే రెండు వీధుల అవతల మినీబస్సు ఆగుతుంది.

"మద్రీనా, నిప్పు ముట్టించకూడదు" అని మాగలి నిన్న ఒకటికి మూడుసార్లు చెప్పింది.

"నాకు చెవుడేం లేదే" అంది దోన్యా సెవెరినా మూడుసార్లూ.

ఇప్పుడా తల్లి మంచం మీద, గుండ్రటి టోపీ సర్దుకుని, శాలువా కప్పుకుని, పాలు తాగే పిల్లిలా కూర్చుని ఉంది. మాగలి ముక్కు ఎగబీల్చింది. కాలిన చక్కెర. లామా జంతువు కొవ్వు. కొండాకు పొగ. దోన్యా సెవెరినా కుచ్చుల పావడా అంచున బూడిద. మూలన దుప్పట్ల మూటల వెనక, తలకిందులుగా బోర్లించిన పెద్ద సత్తు బేసిన్.

మాగలికి అంతా అర్థమైపోయింది. ఆగస్టు నెలంతా భూతల్లి ఆకలితో నోరు తెరుచుకుని ఉంటుంది, అడిగింది పెడితే అనుకున్నది ఇస్తుంది. ఇంటింటా కుంపటి మీద చక్కెర బిళ్ళలు, కొవ్వు, ఆకులు వేసి పొగ పెడతారు. ఇంజనీరుకి అనుమానం రాకపోవడానికీ కారణం అదే. ఈ నెలలో మా ఊళ్ళో ఏ గుమ్మంలోకి తల పెట్టినా ఇదే వాసన.

దోన్యా సెవెరినా ఇంజనీరు వీపు చాటున మాగలికి కన్ను గీటింది. ఏడ్చినట్టుంది!

ఇంజనీరు కాగితం తీసి కలం మూత విప్పాడు. నోరు మూసుకుంటే అయిపోతుంది. పంతొమ్మిది అని రాసుకుని కింద లోయలోని నగరానికి దిగిపోతాడు. మధ్యాహ్నానికి అప్పు, నెల తిరక్కుండా యంత్రం. మాగలి ఒక్క క్షణం ఆ మాటే ఆలోచించింది, లేదని నేనెందుకు అబద్ధం చెప్పాలి. కానీ ఆ పంతొమ్మిది అక్కడితో ఆగుతుందా? ఈ మద్రీనాయే సంతలో ఎలుగెత్తి చాటుతుంది. నలభైమంది ఆడవాళ్ళు పంతొమ్మిది కోసం డబ్బు కట్టి, పొద్దున్నే లేచి పదకొండు చూసుకుని, జడ పట్టుకుని లాక్కుపోవడానికి మాగలి గుమ్మం ముందు నిలబడతారు. బ్యాంకువాణ్ణి మోసం చేసి బతకొచ్చేమో, సంతలో ఆడవాళ్ళని మోసం చేసి ఎల్ ఆల్తోలో బతికినవాళ్ళు లేరు. అన్నిటికన్నా ముందు, ఒళ్ళు మండింది. తన కప్పుకి ఎవరి దొంగసాయమూ అక్కర్లేదు.

"సార్, రాయకండి."

"ఏం?"

మాగలి గబగబా వెళ్ళి బేసిన్ ఎత్తింది. కింద కుంపటి. నిప్పులు ఇంకా ఎర్రగా కళ్ళు మిటకరించి చూస్తున్నాయి.

"కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంట. చూడండి సార్, ఇదీ మీ పంతొమ్మిది" అంటూ కుంపటిని గుడ్డతో పట్టుకుని, నైవేద్యం ఒలక్కుండా, వాకిట్లో మధ్యకి తీసుకుపోయి పెట్టింది. తిరిగొచ్చి తలుపు బార్లా తెరిచింది. చలి లోపలికి దూకింది.

దోన్యా సెవెరినా మంచం మీంచి లేచిపోయింది. "ఒసే! భూతల్లి నైవేద్యాన్ని వాకిట్లోకి విసిరేస్తావా! నీ చేతులు పడిపోను!"

"విసరలేదు మద్రీనా. రెండు చేతుల్తో పట్టుకెళ్ళి పెట్టాను. మీరు ప్రతి ఏడూ పెట్టే చోటే పెట్టాను."

"పరాయి మగాడి ముందు నా పరువు తీశావు కదే!"

"మీరు నా కప్పు పరువు తీశారు కదా."

దోన్యా సెవెరినా శాలువా విసురుగా భుజాల మీదికి లాక్కుంది.

ఇంజనీరు కలానికి మూత పెట్టేశాడు. మంచివాడే, మొహం చిన్నబోయింది. "అమ్మాయ్, నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. కానీ చెప్పావు. నియమం నియమమే. ఈ పరీక్ష చెల్లదు. వచ్చే ఏడాది మళ్ళీ అర్జీ పెట్టుకో."

"సార్, మీ నియమంలో ఈ గదినే పరీక్షించాలని ఉందా?"

ఇంజనీరు కాగితం తిప్పాడు. "అర్జీదారు కప్పు వేసిన ఇల్లు అని ఉంది."

"అయితే పదండి. ఈ పేటలో పద్నాలుగు ఇళ్ళకి వేశాను. మీరే వేలుపెట్టి ఏదో ఒకటి చూపించండి. మీరొస్తున్నట్టు వాళ్ళెవరికీ తెలీదు. నేనైతే నోరు విప్పను. ఎండ రేకు మీద పడకముందే పోవాలి, కాస్త అడుగులు చురుగ్గా వెయ్యండి."

ఆ పిల్ల చెప్పే తీరు చూస్తే తనే ఇంజనీరు, ఆయన అర్జీదారు అనుకోవాలి. బస్కోపె నవ్వాపుకుంటూ థర్మామీటరు తీసుకుని వెంట నడిచాడు. వాళ్ళ వెనకాల, బిర్రుగా, టోపీ సర్దుకుంటూ దోన్యా సెవెరినా. రావద్దని చెప్పేంత ధైర్యం ఎవరికుంది!

మట్టివీధి మీద మంచు పేరుకుని ఉంది. మలుపు దగ్గర ఇంజనీరు ఆగి, అర్జీతో వచ్చిన ఇళ్ళ పటం చూసి, నీలం తలుపు వైపు వేలు చూపించాడు. "ఇది నువ్వు వేసిందేనా?"

మాగలి ఆ తలుపు చూసి అక్కడే ఆగిపోయింది. పద్నాలుగు ఇళ్ళలో మరేదీ కనబడలేదా ఈయనకి! అది దోన్ ఫ్లోరో ఇల్లు. మినీబస్సు డ్రైవరు. కప్పు వేస్తున్నంతసేపూ కింద నిలబడి "నా నెత్తిమీద బాతుగూడు కడుతున్నావు పిల్లా" అని ఒకటే సణుగుడు. అప్పట్నుంచీ మినీబస్సు దగ్గర వరసలో నిలబడితే చాలు, "బాతుగూడు పిల్లొచ్చింది, జరగండి" అని అందరిముందూ అరుస్తాడు.

"నేను వేసిందే" అంది. వద్దు, పక్కిల్లు చూద్దాం అనలేదు. మాటంటే మాటే.

ఇంజనీరు తలుపు బాదాడు. లోపల ఏదో దొర్లింది. ఎవడిదో పుట్టుక గురించి ఓ మాట వినబడింది. తలుపు తెరుచుకుంది. దోన్ ఫ్లోరో, చేతుల్లేని బనీను, నిక్కరు, ఒట్టి కాళ్ళు.

"ఎవడ్రా ఇది పొద్దుపొడవకముందే! ఇవాళ నా బండికి సెలవు, తెలీదా? ఓహో, బాతుగూడు పిల్లా! నువ్వా!"

ఇంజనీరుకి కోటు, దాని మీద కోటు, రెండు మఫ్లర్లు. ఆయన దోన్ ఫ్లోరో భుజాల వంక కన్నార్పకుండా చూశాడు. "మీకు చలెయ్యడం లేదా?"

"లోపలున్నంతసేపు ఎక్కడేసింది? నన్నిలా గుమ్మంలో నిలబెట్టి కబుర్లాడుతుంటే వెయ్యదా మరి! వస్తే లోపలికి రండి, లేకపోతే పొండి."

వెళ్ళారు, తలుపు వేశారు. ఇంజనీరు థర్మామీటరుని గోడకి తగిలించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎర్రగీత మెల్లగా పైకి పాకుతోంది. ఆరు. ఎనిమిది. తొమ్మిది దగ్గర కాసేపు తటపటాయించింది. ఎక్కవే తల్లీ అని మాగలి లోపల్లోపల బతిమాలుకుంది. పది. పదకొండు. అక్కడ ఆగింది. ఇక కదల్లేదు.

"పొయ్యి ఏమైనా వెలిగించారా?" అన్నాడు ఇంజనీరు.

"గ్యాసు అయిపోయి రెండ్రోజులైంది. టీకి కూడా దిక్కులేదు. మీరేమైనా తెచ్చారా?"

"మరి పక్క గది? అదీ ఇలాంటి గోడలేగా?"

"అది మా బావమరిదిది. అవే ఇటుకలు, అవే రేకులు. బాతుగూడు ఒక్కటే లేదు. పిసినారి వెధవ."

పక్కగదిలో మూడు చూపించింది. బావమరిది చెవుల టోపీ పెట్టుకుని దుప్పట్ల గుట్ట కిందనుంచి ముక్కు బయటపెట్టి, "తలుపెయ్యండ్రా, చచ్చిపోతాను" అన్నాడు. బయట మైనస్ నాలుగు. ఇంజనీరు మూడు అంకెలూ రాసుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, దోన్ ఫ్లోరో గదిలోకి మళ్ళీ వెళ్ళి, తలెత్తి, జమ్ము పలకల మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"మీరు దీన్ని బాతుగూడంటారట?"

"బాతుగూడే కదండీ" అన్నాడు దోన్ ఫ్లోరో మీసం దువ్వుకుంటూ. "బాతుకెప్పుడైనా చలేసిందా?"

మాగలికి నవ్వొచ్చింది, వెంటే ఏడుపొచ్చింది, ఏది ముందు ఆపుకోవాలో తెలీక కిటికీ వైపు తిరిగి నిలబడింది.

వీధి చివర ఊదా మొక్కజొన్న గంజి అమ్మే బండి అప్పుడే తెరిచారు. ముగ్గురూ పొగలు కక్కే గ్లాసులు పట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. లోయ అంచున ఎండ పడుతోంది, కిందికి దిగే కేబుల్ కార్లు మెరుస్తున్నాయి.

"కప్పు నెగ్గింది" అన్నాడు ఇంజనీరు. "కమిటీలో దీనికి అడ్డు చెప్పేవాడు లేడు. ఎవరైనా చెబితే ఆ బనీను సంగతి చెబుతా. ఇక మిగిలింది హామీ ఒక్కటే. ఎవరు నిలబడుతున్నారు? పేరు రాసుకుని నేను దిగిపోవాలి."

మాగలి నిన్నటిదాకా ఆ మాట గురించి ఆలోచించనే లేదు. మద్రీనా ఉంది కదా అనుకుంది. ఇప్పుడు పక్కన కూర్చున్న మద్రీనా గంజి గ్లాసులోకి చూస్తోంది తప్ప తలెత్తడం లేదు. బతిమాలాలని మాగలికి అనిపించలేదు. అడగాల్సింది ఇంకొకటుంది.

"మద్రీనా, హామీ సంగతి తర్వాత. ఒక్క మాట చెప్పండి. పదకొండు చాలదనుకున్నారా?"

"భూతల్లికి పెట్టాను."

"భూతల్లికి ఎప్పుడూ వాకిట్లోనే పెడతారు. మీ వాకిట్లోకి వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. గదిలో పెట్టింది ఇవాళే. నా కప్పు మీద మీకే నమ్మకం లేకపోతే ఇక ఊళ్ళో ఎవరికుంటుంది చెప్పండి?"

దోన్యా సెవెరినా గ్లాసు కింద పెట్టింది.

"భయమేసిందే" అంది. ఆ గొంతు మాగలి ఎప్పుడూ వినలేదు. "కప్పు మీద అనుమానం కాదు. ఏడాది నుంచీ ఆ కప్పు కిందేగా పడుకుంటున్నాను, నాకు తెలీదూ! నీ వయసులో నేనూ బ్యాంకుకి పోయాను. అల్లిక మిషను కోసం. టోపీ చేత్తో పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డాను. లోపలున్నవాడు తలెత్తలేదు. ఎంతసేపటికో ఎత్తి, ఏం కావాలి అన్నాడు. నా గొంతు పెగల్లేదే. ఇంత గొంతున్నదాన్ని, ఒక్క ముక్క బయటికి రాలేదు. తిరిగొచ్చేశాను. అప్పట్నుంచీ ఇంకొకళ్ళు అల్లిన దుప్పట్లు వీపున మోస్తూనే ఉన్నాను. నిన్న సాయంత్రం ఈయన కాగితాల సంచితో వాకిట్లోకి వచ్చేసరికి అదంతా గుర్తొచ్చింది. నిన్ను కూడా అలాగే పంపేస్తారనుకున్నాను. నిద్ర పట్టలేదు. లేచి కుంపటి రాజేశాను. అంతే."

మాగలి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "చెప్పొచ్చు కదా మద్రీనా!" అంది. ఏడుపు దాచుకోలేదు.

"చెబితే నువ్వూ భయపడేదానివి. ఇప్పుడు చూశాగా, నీకు భయం లేదు. నన్నే ఎదిరించావు." దోన్యా సెవెరినా ముక్కు తుడుచుకుని ఇంజనీరు వైపు తిరిగింది. సంతలో బేరం మొదలుపెట్టే గొంతు తిరిగొచ్చేసింది. "నాయనా, హామీకి ఏం పెట్టాలి?"

"విలువైనదేదైనా అమ్మా. ఇంటి పత్రం ఉంటే..."

"ఇల్లు నాది కాదు, మా తోబుట్టువులందరిదీ. నాదంటూ ఉన్నది సంతలో దుప్పట్ల కొట్టు జాగా ఒక్కటే. సంఘం ఇచ్చిన పట్టా ఉంది. చాలా?"

ఇంజనీరు గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆ సంతలో రెండు బారల జాగాకి ఉన్న గిరాకీ ఆయనకి తెలియంది కాదు. ఇల్లయినా అమ్ముతారు గానీ జాగా వదలరు.

"అమ్మా, బాగా ఆలోచించుకో. ఈ పిల్ల అప్పు తీర్చలేకపోతే నీ కొట్టు పోతుంది. ఈ పిల్ల పని జోరందుకుని ఊరంతా కప్పులు వేసిందనుకో, ఇక దుప్పట్లెవరు కొంటారు? అప్పుడూ నీ కొట్టు మూతే. ఎటు తిరిగినా పోయేది నీదే."

"ఎటు తిరిగినా పోయేదే కదా" అంది దోన్యా సెవెరినా. "అయితే నెగ్గే పిల్ల చేతుల్లో పోనీ. రాయి నాయనా."

ఇంజనీరు కలం మూత తీశాడు. దోన్యా సెవెరినా తన పేరు, రెండు ఇంటిపేర్లు ఒక్కో అక్షరం గట్టిగా చెప్పింది. వీధి అటు చివర దాకా వినబడింది.